టాంకీ నింపి ఇచ్చిన పాపానికి

రెండు వేల ఇరవై నాలుగు, సెప్టెంబర్ ఆఖరి వారం. ఎల్లారెడ్డిలో లింగంపేట పోయే రోడ్డు మీద నాకు రిపేరు దుకాణం ఉంది. రేకుల షెడ్డు, ముందు రెండు సిమెంటు బల్లలు, గోడకు వరసగా పానాలు. కార్లు, మోటార్ సైకిళ్లు నేను ముట్టను. మందు కొట్టే తైవాన్ పంపులు, గడ్డి కోసే మిషన్లు, కట్టె కోసే రంపాలు, ఇలాంటి చిన్న ఇంజన్లే నా పని. తైవాన్ పంపు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. వీపున తగిలించుకునే యంత్రం అది. పైన ఇరవై లీటర్ల మందు డబ్బా, కింద చిన్న పెట్రోల్ ఇంజన్. తాడు లాగితే స్టార్టవుతుంది. ఎక్కడ తయారైనా సరే, మా రైతులకు అది తైవాన్ పంపే.

ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. తాడు లాగిన చప్పుడు వినే రోగం చెప్పేస్తాడని నాకు పేరు. ఆ పేరంటే నాకు కొంచెం ఎక్కువే ఇష్టం. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు చెప్పే అలవాటు కూడా దాని వెంటే వచ్చింది. మా ఆవిడ ఎప్పుడూ అంటుంది, "నీ చేతులు మంచియే, నోరే ఆగది" అని. ఆ మాట ఎంత నిజమో నాకు తెలిసివచ్చిన సంగతి ఇది.

ఆ ఏడు వానాకాలం మొదటి నుంచీ నాకు తలనొప్పిగానే ఉంది. కొత్తగా వేసిన పెట్రోల్ పైపులు రెండు నెలలకే ఉబ్బి, మెత్తబడి, వేలితో నొక్కితే పొట్టు రాలుతున్నాయి. టాంకీ మూతల్లోని రబ్బరు వాషర్లు సాగిపోయి మూత సరిగా బిగియడం లేదు. కార్బురేటర్లలో, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగంలో, జిగురు పేరుకుపోతోంది. స్పేర్ పార్టులు నేను కామారెడ్డిలో హమీద్ భాయ్ దగ్గర తెస్తాను. నకిలీ సరుకు అంటగట్టావని ఒకరోజు ఆయన దుకాణంలోనే, నలుగురి ముందు, గట్టిగా తిట్టి వచ్చాను. ఆయన పెద్దమనిషి. "పైపును కాదు యాదగిరీ, పైపులకెల్లి పోయేది చూడు. పెట్రోల్ మారింది" అన్నాడు. నేను వినలేదు.

సోమవారం పదకొండింటికి సాయవ్వ ఆటోలో పంపు వేసుకుని వచ్చింది. లింగంపేట మండలంలోని ఒక ఊరు వాళ్లది. భర్త పోశయ్యతో కలిసి మూడెకరాల వరి చేస్తుంది. పంపు మాత్రం ఆమె సొంతం. మూడేళ్లు బీడీలు చుట్టి కూడబెట్టి కొనుక్కుంది. కొనేముందు ఏది మంచిదో నన్ను అడిగి మరీ తీసుకుంది. ఆ రోజు మాత్రం ఆమె మొహంలో కళ లేదు.

"అన్నా, జల్ది చూడు. పొలంల దోమ పడ్డది. నిన్న ఒక్క సుడి ఉండె, ఇయ్యాలటికి మూడైనయ్."

వరికి పట్టే దోమ సంగతి రైతులకు చెప్పక్కర్లేదు. కాండం మొదట్లో చేరి రసం పీల్చేస్తుంది. పొలం మధ్యలో గుండ్రంగా ఒక చోట ఎండిపోతుంది, దాన్నే సుడి అంటారు. సుడి కనిపించిందంటే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. దుబ్బులను పక్కకు వంచి పాయలు తీసి మొదళ్లకు మందు తగిలేలా కొట్టాలి. చేతి పంపుతో మూడెకరాలు అయ్యే పని కాదు. వాళ్ల వరి గింజ పాలు పోసుకునే దశలో ఉంది. ఊళ్లో మిగతా పంపులన్నీ ఎవరి పొలాల్లో వాళ్లకే తిరుగుతున్నాయి. ఇది నడవకపోతే ఆ పంట పోయినట్టే.

"తాడు గుంజితే దగ్గుతది, ఆగిపోతది. గుంజి గుంజి మా ఆయన భుజం పడిపోయింది" అంది సాయవ్వ.

కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. ఇంజన్‌లోకి పోయేముందు పెట్రోల్ అక్కడ నిలుస్తుంది. ఆ గిన్నె విప్పాను. పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి లోపల ఆ రంగే కనిపించాలి. కానీ అడుగున రంగే లేని పలచటి ద్రవం ఉంది. వేలితో తాకి చూశాను. నాకు ఇంకేం కావాలి!

"దీంట్ల నీళ్లు కలిసినయ్. ఎవరికన్న ఇచ్చినవా పంపు?"

"మా మరిది మల్లయ్య కొంచవొయ్యిండు, నెలన్నర కింద. మళ్ల తెచ్చిచ్చిండు. టాంకీ నిండ నింపే ఇచ్చిండన్నా."

"నింపిండు సరే, దేంతోని నింపిండో ఎవరికెరుక!" అని నవ్వాను.

దుకాణంలో ఉన్న మరో ముగ్గురు రైతులూ నవ్వారు. సాయవ్వ నవ్వలేదు. నేనది చూశాను కానీ పట్టించుకోలేదు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. అడిగి తీసుకుపోయిన యంత్రాన్ని ఖాళీ టాంకీతో తిరిగివ్వరు. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఉత్తగా వెనక్కి పంపనట్టే ఇదీ. ఒక మూర పొలానికి వాడుకున్నా టాంకీ నిండా పోసి ఇస్తారు. అందులో మర్యాద ఉంది. ఇచ్చినవాళ్లు దాన్ని అలాగే కొట్టంలో పెట్టేస్తారు, మళ్లీ అవసరం వచ్చినప్పుడు తాడు లాగడమే పని అని.

పని త్వరగా తేలాలి కదా. కార్బురేటర్ కడిగాను, స్పార్క్ ప్లగ్ మార్చాను. పైపు ఊడదీసి టాంకీ అడుగు నుంచి కొద్దిగా పారబోశాను. మిగిలింది పైనుంచి చూస్తే పచ్చగా, బాగానే కనిపించింది. అంత పెట్రోల్ పారబోయడానికి మనసొప్పలేదు. అలాగే ఉంచేశాను. తాడు లాగితే రెండో గుంజుకే అందుకుంది.

"పో అమ్మా, పొద్దుగూకేలోపు ఎంతయితే అంత కొట్టుకోండ్రి" అని పంపాను.

సాయంత్రం అయిదు దాటాక ఫోన్ మోగింది. సాయవ్వ నంబరే, కానీ మాట్లాడింది పోశయ్య. వెనకాల అరుపులు వినిపిస్తున్నాయి, ఒక ఆడగొంతు ఏడుస్తోంది.

"యాదగిరీ, రెండు డబ్బాలు కొట్టిన. కిర్రుమని సప్పుడు చేసి ఆగిపోయింది. తాడు గుంజితే వస్తలేదు, పట్టేసింది."

"పొద్దుగాల పంపు, చూస్త."

"చూసుడేముంది? నువ్వే చెప్పినవట గద, నా తమ్ముడే నీళ్లు పోసిండని. వాని సంగతి నేను చూసుకుంట."

"నేను పేరు చెప్పలే పోశయ్యా" అనేలోపే ఫోన్ పెట్టేశాడు.

పేరు చెప్పలేదన్న మాట నా చెవికే సిగ్గుగా వినిపించింది. నవ్వుతూ అన్న ఆ ఒక్క ముక్క పేరు చెప్పడం కంటే తక్కువేం కాదు. తిరిగి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తెల్లారి మొదటి ఆటోలోనే సాయవ్వ వచ్చింది. పంపు బల్ల మీద పెట్టి గోడ వారగా కూర్చుంది. నేను సిలిండర్ విప్పుతుంటే తనంతట తనే చెప్పింది. అన్నదమ్ముల మధ్య బోరు దగ్గర మాటా మాటా పెరిగి నాలుగేళ్లు పలకరింపులు లేవట. పక్కపక్క పొలాలే, ఒకే గట్టు, అయినా ఒకరు వస్తే ఇంకొకరు మొహం తిప్పుకునేవారట.

"నాలుగేండ్ల తర్వాత మా గడప తొక్కిండన్నా, గీ పంపు అడగనీకె. మా ఆయన లోపలికెల్లి బయటికొచ్చి, కొంచవొమ్మని తనే చేతికిచ్చిండు. నేను ఎంత సంబరపడ్డనో నీకెట్ల చెప్పాలె. నిన్న ఇంజన్ ఆగంగనే మల్లయ్య గట్టు మీదికొచ్చిండు, ఏమైందే వదినె, నేను గుంజి చూడాల్నా అని. మా ఆయన పారెత్తిండు. మా చేన్ల అడుగు పెడితే కాళ్లిరుగగొడ్త అన్నడు. నలుగురు పట్టుకోకపోతే ఏమైతుండెనో."

బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి గీతలు పడ్డ వేళ్లను చూసుకుంటూ మళ్లీ అంది.

"నువ్వన్న మాట నేనే పోయి ఇంట్ల చెప్పిన. చెప్పకపోతే అయిపోవు."

సిలిండర్ బయటికి వచ్చింది. పిస్టన్ నిండా నిలువుగా గీతలు, గోళ్లతో రక్కినట్టు. దీన్నే సీజ్ అవ్వడం అంటాం. నూనె అందక పిస్టన్ వేడెక్కి, వ్యాకోచించి గోడకు పట్టేస్తుంది. నేను బుర్ర గోక్కున్నాను. ఇలాంటి ఇంజన్‌లో నూనె పెట్రోల్‌తో కలిసే లోపలికి పోవాలి. పెట్రోల్ పచ్చగానే ఉంది. మరి నూనె ఎందుకు అందలేదు?

"అన్నా, నిజంగ నీళ్లేనా అది?" అని అడిగింది సాయవ్వ.

వేరే రోజయితే గయ్యిమనేవాణ్ణి. ఇరవై ఆరేళ్ల నుంచి చూస్తున్న నాకు నీళ్లంటే ఏమిటో తెలియదా అని. ఆ రోజు మాత్రం పానా అందుకున్నాను. కార్బురేటర్ గిన్నె మళ్లీ విప్పాను. అందులో రంగు లేని ద్రవం మళ్లీ చేరి ఉంది. షెడ్డు బయటికి తీసుకుపోయి, దూరంగా ఒక బండరాయి మీద నాలుగు చుక్కలు పోసి అగ్గిపుల్ల గీశాను.

అంటుకుంది. పొగ లేని నీలం మంట. ఎండలో సరిగా కనిపించను కూడా లేదు, పైన చెయ్యి పెడితే వేడి తగిలింది.

సాయవ్వ రాయి వైపు చూసి, నా వైపు చూసింది. "నీళ్లు మండుతయా అన్నా?"

ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. నీళ్లు మండవు. నేను నీళ్లు అన్నది ఎక్కువ భాగం నీళ్లే కాదు. అప్పుడు హమీద్ భాయ్ మాట గుర్తుకొచ్చింది. ఫోన్ చేశాను. తిట్టిన మనిషికే ఫోన్ చేయాలంటే మొహం చెల్లలేదు, అయినా చేశాను. ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు. విషయం విని నెమ్మదిగా చెప్పాడు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు. చెరకు నుంచో, మక్కల నుంచో, బియ్యం నుంచో తీసే స్పిరిట్ అది. కొన్నేళ్లుగా దాని వాటా పెంచుతూ వచ్చి లీటరులో అయిదో వంతు దాకా తెచ్చారు. రోజూ తిరిగే బండ్లలో పెట్రోల్ వచ్చిందీ పోయిందీ తెలియదు. కానీ ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. వానాకాలపు తేమనూ, మూత సందులోంచి దిగిన చుక్కలనూ తనలో కలుపుకుంటుంది. కొంతవరకు బాగానే ఉంటుంది. హద్దు దాటితే మాత్రం నీళ్లను వెంటబెట్టుకుని పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున చేరుతుంది. టూటీ నూనె పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. టాంకీలో నుంచి పైపు లాగేది అడుగు నుంచే.

"అంటే ఇంజన్ నూనె లేని స్పిరిట్ తాగింది, గంతే" అన్నాడు హమీద్ భాయ్. "రబ్బరు ఉబ్బేది కూడ దాంతోనే. గది నీకు అప్పుడే చెప్పిన."

ఫోన్ పెట్టి షెడ్డు మూలనున్న అలమర వైపు పోయాను. వానాకాలం మొదట్లో, ఇంజన్లు పరీక్షించడానికని, ఒక గాజు సీసాలో పెట్రోల్, ఆయిల్ కలిపి పెట్టుకున్నాను. మూత పోతే గుడ్డ ముక్క కుక్కి ఉంచాను. దుమ్ము తుడిచి వెలుతురులో పెట్టాను. పైన పచ్చగా, అడుగున రెండు వేళ్ల మందం రంగు లేకుండా. మధ్యలో గీత గీసినట్టు ఉంది. ఆ సీసాను నేను తప్ప ఎవరూ ముట్టలేదు.

నేను బల్ల మీద కూలబడ్డాను. నిన్న నేను చేసినవి రెండు తప్పులు. అడుగున విడిపోయిన స్పిరిట్‌ను మొత్తం తీయకుండా, టాంకీ కడగకుండా, అదే పెట్రోల్‌తో ఇంజన్ నడపమని పంపాను. ఆమె మూడేళ్ల కష్టం రెండు డబ్బాలకే పట్టేసింది. రెండోది అంతకంటే పెద్దది, ఒక మనిషి మీద మాట పడేశాను.

పంపు మూత తీసి చూశాను. వాషర్ ఉబ్బి వంకర తిరిగింది. మూత చుట్టూ సన్నటి తుప్పు చార ఉంది. "మీ కొట్టం కారుతదా?" అని అడిగాను.

"ఒక్కతాన కారుతది. పంపు పెట్టే అర్రల" అంది సాయవ్వ.

పిస్టన్ కిట్టు హమీద్ భాయ్ బస్సులో పంపినా అది చేరి, బిగించేసరికి సాయంత్రమవుతుంది. ఆకాశం అప్పటికే మబ్బు పట్టింది. మందు కొట్టిన వెంటనే వాన పడితే కొట్టిందంతా కడుక్కుపోతుంది. దుకాణంలో నా సొంత తైవాన్ పంపు ఒకటి ఉంది. అందులో ఉన్నదంతా పారబోసి, కడిగి, నా బైకులో నుంచి నిన్న పోయించిన పెట్రోల్ తీసి కొత్తగా ఆయిల్ కలిపాను. దాన్నీ, ఆ గాజు సీసానూ, చెడిపోయిన పిస్టన్‌నూ సంచిలో పెట్టి, షట్టర్ దించి, సాయవ్వతో పాటు ఆటో ఎక్కాను. దారంతా ఆమె మబ్బు వైపే చూస్తూ కూర్చుంది. నేను ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

పొలం దగ్గరకు పోయేసరికి సుళ్లు నాలుగయ్యాయి. పచ్చటి చేనులో అక్కడక్కడా పండుటాకు రంగు. పోశయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో పార. గట్టుకు అవతల మల్లయ్య, అతని పెళ్లాం, ఇంకో అయిదారుగురు రైతులు.

నేను సంచి దించి, ముందు ఆ మాటే చెప్పాను. "మల్లయ్య నీళ్లు పోయలే. నేను సరిగ చూడక నోరు జారిన."

పోశయ్య నన్ను కిందికీ పైకీ చూశాడు. "నిన్న ఒకటి చెప్తివి, ఇయ్యాల ఒకటి చెప్తున్నవ్. ఏది నమ్మాలె?"

"నిన్నటిది చూడకుండ చెప్పిన. ఇయ్యాలది చూపిస్త. చూసినంక నీ ఇష్టం."

ఒక ఖాళీ గాజు సీసా అడిగి తీసుకున్నాను. పోశయ్య బైకు పక్కనే ఉంది. ఆ బైకులో నుంచి అతన్నే పెట్రోల్ తీయమన్నాను. అతను కదల్లేదు. సాయవ్వే పైపు పెట్టి తీసింది. సీసాలో సగం దాకా పోసి, ఆమెనే నీళ్లు పోయమన్నాను. రెండు వేళ్ల మందం పోసింది. నీళ్లు అడుగుకు దిగాయి. నీళ్ల మట్టం దగ్గర బొగ్గుతో గీత పెట్టి, మూత బిగించి, గట్టిగా ఊపి గట్టు మీద పెట్టాను.

అందరూ చుట్టూ చేరారు. పోశయ్య మాత్రం రెండడుగుల దూరంలోనే నిలబడ్డాడు. సీసాలో మబ్బు విడిపోతున్నట్టు నెమ్మదిగా తేటపడింది. అడుగున ఉన్న నీళ్లు గీత దాటి దాదాపు రెట్టింపయ్యాయి. పైన పెట్రోల్ అంత మేర తగ్గింది.

"అడుగుకు దిగి నీళ్లల్ల కలిసింది ఇథనాల్ అనే స్పిరిట్" అన్నాను. "బంకుల పెట్రోల్ల ముందే ఉంటది. కొన్ని నీళ్లు తగిలితే సాలు, ఇట్ల దిగుతది. మీ అర్రల కప్పు కారి మూత మీద పడ్డ సుక్కలు లోపలికి దిగినయ్. నెలన్నర కదలకుండ ఉన్నది గద."

అప్పుడు నా దుకాణం సీసా తీశాను. "దీన్ని ఎవరికీ ఇయ్యలే, ఎవరూ ముట్టలే. అయినా చూడు. ఎవరూ నీళ్లు పోయకుంటనే ఇట్లయితది. మల్లయ్య పోసిండో లేదో నేను కండ్లతో చూసిన మనిషిని కాదు. కాని పోసిండని చెప్పనీకె నా దగ్గర ఏ ఆధారం లేదు. నిన్న గూడ లేకుండె."

మల్లయ్య గట్టు దాటకుండా, అక్కడి నుంచే అన్నాడు.

"నీళ్లు పోసేటోడినైతే టాంకీ ఎందుకు నింపుత? ఖాళీగ ఇస్తే అయిపోవు గద. నాలుగేండ్లకు అన్న ఒకటి చేతిల పెట్టిండు, ఉత్తగ ఎట్ల తిరిగియ్యాల్నని లింగంపేట దాక పోయి పోయించుకొచ్చిన."

తర్వాత నా వైపు తిరిగాడు. "నీ మాట ఊరంత ఇన్నది. నిన్నటి సంది నా పెండ్లాం ఊళ్లె నీళ్లకు పోతలేదు. ఇప్పుడు ఊరంత తిరిగి చెప్తవా, అబద్ధమని?"

"చెప్త" అన్నాను. తల ఎత్తి చెప్పలేకపోయాను.

పోశయ్య పార మీద చేతులు పెట్టుకుని సీసాల వైపే చూస్తున్నాడు. మబ్బు ఇంకా కిందికి దిగింది. ఎవరో ఒకరు కదలాలి, పంపు ఎత్తుకోవాలి. పోశయ్య భుజం నిన్న రెండు డబ్బాలు మోశాక అసలు లేవడం లేదు. ఆ పని చేయగలిగినవాడు గట్టుకు అవతల ఉన్నాడు, ఈ చేనులో అడుగు పెడితే కాళ్లు విరగ్గొడతానన్న మాట ఇంకా అక్కడే ఉంది. ఒక్క మాట తప్పుగా పడితే మూడెకరాలూ పోతాయి, అన్నదమ్ములూ పోతారు.

సాయవ్వ మొగుడి వైపు చూడనే లేదు. నా పంపు పట్టీ పట్టుకుని గట్టు దాకా మోసుకుపోయి మరిది ముందు పెట్టింది.

"మరిదీ, దా. ఎత్తుకో. మొగులు దిగింది, వాన ఆగది."

మల్లయ్య అన్న వైపు చూశాడు. పోశయ్య రమ్మనలేదు, వద్దనలేదు. పార నేలలో గుచ్చి, బిందె తీసుకుని కాలువ వైపు నడిచాడు. నీళ్లు తెచ్చి, మందు కలిపి, డబ్బాలో పోయడానికి సిద్ధంగా గట్టు మీద నిలబడ్డాడు.

మల్లయ్య పంపు ఎత్తుకుని చేనులో దిగాడు. నేను తాడు లాగాను. ఇంజన్ అందుకున్న ఆ చప్పుడు విన్నంత సంతోషం నాకు ఏనాడూ కలగలేదు. సాయవ్వ కర్రతో పాయలు తీస్తూ ముందు నడిచింది. డబ్బా అయిపోయినప్పుడల్లా మల్లయ్య గట్టుకు వచ్చి వంగేవాడు, పోశయ్య మందు నీళ్లు పోసేవాడు. పదమూడో డబ్బానో, పద్నాలుగో డబ్బానో, పోశయ్య తన తలకున్న తువ్వాలు తీసి తమ్ముడి ముక్కుకు అడ్డంగా కట్టాడు. "మందు వాసన పీలుస్తున్నవ్" అన్నాడు. ఆ రోజు అతని నోట తమ్ముడితో వచ్చింది ఆ ఒక్క మాటే.

రెండు దాటేసరికి మూడెకరాలూ అయ్యాయి. వాన ఆరింటికి గానీ రాలేదు. నాలుగు సుళ్లలోని వరి ఎండిపోయింది, మిగతాది నిలబడింది. సాయవ్వ పంపుకు పిస్టన్, పైపు, వాషర్ నేనే వేసి ఇచ్చాను. ఆమె వద్దన్నా తీసుకునేదాకా ఊరుకోలేదు.

మల్లయ్యకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమే కష్టమయ్యింది. ఆ ఊరికి మూడుసార్లు పోయాను. చాయ్ హోటల్ దగ్గర, పాల కేంద్రం దగ్గర నిలబడి తప్పు నాదని చెప్పాను. నవ్వుతూ అన్న మాట ఒక్క పూటలో ఊరంతా పాకింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నెల పట్టింది. అయినా అందరికీ చేరిందో లేదో నాకు తెలియదు. హమీద్ భాయ్ దుకాణానికి కూడా పోయి, ఎవరి ముందు తిట్టానో దాదాపు వాళ్ల ముందే క్షమించమని అడిగాను. ఆయన చాయ్ తెప్పించాడు, మంచి రకం పైపుల కట్ట ఒకటి చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నా దుకాణం ముందు ఆ గాజు సీసా ఒక మేకుకు వేలాడుతూ ఉంటుంది, రెండు రంగులూ కనిపించేలా. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించే చెబుతాను. కావలసినంతే కలుపుకోండి, పని అయ్యాక టాంకీ ఖాళీ చేసి, కార్బురేటర్‌లో ఉన్నదీ అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపండి, మూత వాషర్ ఏడాదికోసారి మార్చండి. అడిగి తీసుకుపోయిన మిషన్ టాంకీ నింపి ఇవ్వకండి, ఖాళీగా ఇవ్వండి. ఈ చివరి మాట చాలామందికి నచ్చదు. ఖాళీగా ఎట్లిస్తమన్నా, బాగుండది కదా అంటారు. ఆ మర్యాదను కాదనడం నాకూ ఇష్టం ఉండదు, అయినా చెబుతాను.

మల్లయ్య ఏడాది దాకా నా దుకాణం మెట్లెక్కలేదు. అతని గడ్డి కోసే మిషన్ కామారెడ్డి దాకా మోసుకుపోయి చేయించుకునేవాడని విన్నాను. నాకు తగిన శాస్తే అనుకున్నాను. కిందటి వానాకాలం ఒకరోజు ఉన్నట్టుండి వచ్చాడు. మిషన్ బల్ల మీద పెట్టి, టాంకీ మూత తీసి, బోర్లించి చూపించాడు. ఒక్క చుక్క కూడా రాలేదు.

"అన్న అడిగితే ఇచ్చిన. ఖాళీ చేసే తెచ్చిచ్చిండు. ఇగ స్టార్టయితలేదు" అన్నాడు. బల్ల మీద చెయ్యి తీయకుండా నా మొహంలోకి చూశాడు. "ఏమైందో చెప్పు. కాని ఈసారి చూసినంక చెప్పు."

తాడు ఒకసారి లాగాను, ఆ చప్పుడు వినగానే రోగం నాకు తెలిసిపోయింది. అయినా నోరు మూసుకుని పానా తీసుకున్నాను. అతను పక్కనే నిలబడి చూస్తుండగా ఒక్కొక్క భాగమే విప్పి, తుడిచి, వెలుతురులో పెట్టి చూశాను. నేను అనుకున్న రోగం కాదది.